జైలరమ్మ

మా హైస్కూలు పాత పిల్లల వాట్సాప్ గ్రూపులో మామూలుగా పుట్టినరోజు కేకులు, పెళ్లి ఫొటోలు వస్తుంటాయి. పోయిన నెల ఒక పొద్దున దండ వేసిన ఫొటో వచ్చింది. కింద ఎవరో "జైలరమ్మ పోయింది" అని రాశారు. ఇంకొకడు "ఆమె కేకేస్తే ఇప్పటికీ నా కాళ్లు వణుకుతాయిరా" అన్నాడు. ఒకామె "పాపం, ఆమె నవ్వంగా ఎవురన్నా చూసినారా?" అని అడిగింది. చూశామని ఎవరూ రాయలేదు.

నేను నంద్యాలలో ఒక రక్తపరీక్షల ల్యాబులో పనిచేస్తాను. అప్పుడు ఎవరికో సూది గుచ్చబోతున్నాను. ఆ పని పూర్తి చేసి, వాళ్లను పంపించి, గ్లవుజులు తీసేసి ఆ ఫొటో మళ్లీ చూశాను. గ్రూపులో నేనేమీ రాయలేదు. అక్కడ రాయలేనిది ఇక్కడ రాస్తున్నాను.

ఆమె పేరు మాత్రం చెప్పను. చిన్నతనంలో నామీద జరిగిన నేరం కోర్టుదాకా పోయింది. అట్లాంటి కేసుల్లో పిల్ల పేరు బయటపెట్టకూడదని చట్టం. ఆమె పేరు చెబితే నా పేరు తెలిసిపోతుంది. అందుకని మా ఇద్దరికీ ఇక్కడ పేర్లు లేవు.

గిద్దలూరు నుంచి నల్లమల వైపు పోయే దారిలో ఉంటుంది మా ఊరు. ఆమె మా హైస్కూలు హెడ్మాస్టరు. మార్కాపురంలో పలకల వ్యాపారం చేసే ముస్లిముల ఇంటి ఆడబిడ్డ. పెళ్లి చేసుకోలేదు. రోజూ మార్కాపురం రోడ్డు స్టేషన్లో రైలెక్కి గిద్దలూరులో దిగి, అక్కణ్ణుంచి ఆటోలో వచ్చేది. గంజి పెట్టిన నూలు చీర, కాళ్లకు తెల్ల కాన్వాసు బూట్లు. చీర మీద బూట్లేందని మేమంతా నవ్వుకునేవాళ్లం. ఆ బూట్లు చప్పుడు చెయ్యవు. మాట్లాడుకుంటూ వెనక్కి తిరిగితే ఆమె ఉండేది. జైలరమ్మ అనే పేరు అట్ల వచ్చింది.

నిజానికి ఆమె ఏ తలుపూ మూయనిచ్చేది కాదు. అందరికంటే ముందు వచ్చి, అటెండరు కోసం చూడకుండా, అన్ని గదుల తలుపులూ కిటికీలూ తనే తీసేది. గాలికి మూసుకోకుండా మార్కాపురం నుంచి పలకరాతి ముక్కలు తెచ్చి ఒక్కో తలుపుకీ అడ్డం పెట్టింది. స్టాఫ్ రూముకున్న కర్టెను పీకించేసింది. లెక్కల సారు ఆమె లేనప్పుడు, "ఎండాకాలం వడగాలి కొట్టి సస్తాం, ఈమెకేం రోగం" అని గొణుక్కునేవాడు. బడి వదిలినాక మగ టీచరైనా ఆడ టీచరైనా ఒక్క పిల్లను ఒంటరిగా ఉంచుకోకూడదని ఆమె ఆర్డరు. చదువు చెప్పాలంటే నలుగుర్ని కూచోబెట్టుకుని వరండాలో చెప్పాలి. దానికీ టీచర్లు గొణిగేవాళ్లు.

ఆమె పిల్లల్ని దగ్గరికి తీసుకోవడం, బుగ్గలు పుణకడం మేము చూడలేదు. ఆగస్టు పదిహేనుకు జెండా బ్యాడ్జీలు పెట్టేటప్పుడు ఒక్కొక్కరినీ "పెట్టొచ్చా?" అని అడిగి, తలూపినాకే పిన్ను గుచ్చేది. మాకు నవ్వొచ్చేది. ఇంటర్వెల్లులో ఒకరి గౌను ఒకరం పట్టుకుని "పెట్టొచ్చా? పెట్టొచ్చా?" అని ఆమెలాగా బొంగురుగొంతుతో వెక్కిరించుకునేవాళ్లం.

ఇంకొక అలవాటు ఉండేది. ఎవరైనా పిల్ల వచ్చి ఆమె గది గడప దగ్గర నిలబడితే, చేసే పని ఏదైనా సరే, పెన్ను మూత పెట్టేసేది. "చెప్పు, వింటుండా" అనేది. ఒకసారి ఇన్‌స్పెక్షనుకు పెద్ద ఆఫీసరు వచ్చి ఎదురుగా కూచున్నాడు. అప్పుడు ఆరో తరగతి పిల్ల ఏడుస్తూ వచ్చింది. "ఒక్క నిమిషం సార్" అని ఆయన్ని ఆపి, ఆ పిల్ల వైపు తిరిగింది. చెప్పు పోయిందంట. ఎట్లాంటి చెప్పు, యాడ విడిచినావు, ఎవురి మీద అనుమానం అని మొత్తం విన్నది. ఆఫీసరు గోడ మీది క్యాలెండరు చూస్తూ కూచున్నాడు. ఆ కథ నెలరోజులు బడి అంతా చెప్పుకుని నవ్వాం.

మేమంతా ప్రేమించింది ఆమెను కాదు, సైన్సు సారును. ఆయన మా పేర్లన్నీ ముద్దుగా పిలిచేవాడు. బాగా చదివితే పెన్నులిచ్చేవాడు. స్కాలర్‌షిప్పు పరీక్షకు ఊరికే కోచింగు ఇచ్చేవాడు. మా అమ్మా నాయనా అప్పుడు బెంగుళూరులో ఇళ్లు కట్టే బేల్దారి పనికి పోయి ఉన్నారు. మా పాలెంలో సగం ఇళ్లు అట్లనే ఉండేవి. వానలు లేక కంది ఎండిపోతే ఊరంతా మూటలు కట్టుకుని పోతుంది. నేను మా నాయన తల్లి, జేజి దగ్గర ఉండేదాన్ని. సారు ఆదివారం చర్చి వదిలే వేళకు వచ్చి జేజికి బీపీ మాత్రలిచ్చిపోయేవాడు. "మీ పాప డాక్టరయితాదమ్మా" అనేవాడు. మా నాయన ఫోన్ చేస్తే నా చదువు గురించి సారుతోనే మాట్లాడేవాడు. నాకు ఎనిమిదో తరగతి వచ్చేసరికి మా ఇంట్లో ఆయన మాట మీద ఇంకొక మాట లేదు. అంత నమ్మకం ఎందుకు కూడబెట్టుకుంటున్నాడో మాకెవరికీ తెలియలేదు.

హెడ్మాస్టరు మీటింగులకు ఒంగోలు పోయే రోజులు ఆయనకు తెలుసు. ఆ రోజుల్లో ల్యాబు రూము తలుపు దగ్గర పలకరాయి పక్కకు జరిగేది.

అక్కడ ఏం జరిగిందో నేను రాయను. నాకు కడుపునొప్పి మొదలైంది. సైన్సు పీరియడు గంట కొట్టగానే వాంతి వచ్చేది. ఒకటీ అరా పరీక్షల్లో తప్పాను. క్లాసు టీచరు "నాటకాలు నేర్చినావు" అన్నది. జేజి దిష్టి తీసింది. పాస్టరమ్మ నూనె రాసి ప్రార్థన చేసింది.

ఒక పొద్దున ప్రేయరు అయిపోగానే జైలరమ్మ వేలు చూపించి "నువ్వు రా" అన్నది. తిట్టడానికే అనుకున్నాను. వంటగది పక్కన వరండాలో ఆమె చాప వేసుకుని, ముందర రెండు చాటల్లో బియ్యం పెట్టుకుని కూచుంది. మధ్యాహ్నం అన్నంలో రాళ్లొస్తున్నాయని అప్పుడప్పుడు తనే బియ్యం ఏరేది. ఒక చాట నా వైపు జరిపి, "కూచో, ఏరు" అన్నది.

ఇద్దరం పక్కపక్కన కూచుని ఏరుతున్నాం. కాసేపటికి, "కడుపునొప్పి అంట గదా" అన్నది.

"అవును మేడం."

"సైన్సు క్లాసుకే వస్తాదంట."

నేను ఒక రాయి ఏరి పక్కన పడేశాను.

"నేనేం అడగను. నీకు చెప్పాలనిపిస్తే చెప్పు, వింటుండా. అనిపించకపోతే బియ్యం ఏరు. రేపు గూడా ఏరుదాం."

నా మొహం వైపు చూడలేదు. చూసి ఉంటే నేను చెప్పేదాన్ని కాదు. ఆమె కళ్లు బియ్యంలో ఉన్నాయి, నా కళ్లూ బియ్యంలోనే ఉన్నాయి. ఆ చాటకు చెప్పినట్టు చెప్పాను. మాటలు సరిగా లేవు. ముందుది వెనక, వెనకది ముందు. మధ్యలో ఆగిపోతే ఆమె "ఆఁ తర్వాత?" అని కూడా అనలేదు. వేళ్లు మాత్రం ఆగిపోయి ఉన్నాయి.

నేను చెప్పడం అయిపోయినాక చాట పక్కకు జరిపింది. కొడుతుందేమో అనుకున్నాను. అప్పుడు, బ్యాడ్జీ పెట్టేటప్పుడు అడిగినట్టే, "నీ చెయ్యి పట్టుకోవచ్చా?" అన్నది.

అట్లా అడుగుతారని, వద్దంటే ఆగుతారని ఆ రోజుదాకా నాకు నమ్మకం లేదు. తలూపాను. ఆమె వేళ్లకు బియ్యప్పిండి అంటుకుని ఉంది.

"నువ్వు చెప్పింది నేను నమ్ముతుండా" అన్నది. "దీంట్లో నీ తప్పు ఇంత గూడా లేదు. ఇన్నాళ్లు చెప్పలేదని గూడా అనుకోవద్దు."

"ఎవురికీ చెప్పొద్దు మేడం. జేజికి తెలిస్తే సచ్చిపోతాది."

"ఆ మాట నేనియ్యలేను. ఇస్తే అబద్ధమయితాది. పోలీసులకు చెప్పాల, మీ ఇంట్లో చెప్పాల. అంతే. ఊరికి చెప్పను. ఏం చేసినా ముందు నీకు చెప్పి చేస్తా."

మర్నాడు నుంచి ఆమె మా క్లాసు ఆడపిల్లల్ని రోజుకొకరిని బియ్యం ఏరడానికి పిలిచింది. ఒక్కరినీ వదల్లేదు. అందరికీ చిరాకేసింది, ఇదొక కొత్త శిక్ష అనుకున్నారు. చెప్పిన పిల్ల ఎవరో తెలియకుండా ఉండటానికి అట్ల చేసిందని నాకు పెద్దయినాక అర్థమైంది. అట్ల పిలిచినప్పుడు ఇంకొక పిల్ల కూడా చెప్పిందని కోర్టులో తెలిసింది.

మహిళా ఎస్సై మామూలు చీర కట్టుకుని మా జేజి ఇంటికి చుట్టంలాగా వచ్చింది. ఆమె రాకముందే మేడం వచ్చి నా పక్కన కూచుని, ఎవరొస్తారో, ఏమేం అడుగుతారో చెప్పింది. జేజి గుంజకు ఆనుకుని, "మా కొడుక్కి నేనేం మొగం చూపియ్యాల తల్లీ" అని ఏడ్చింది. సారును అరెస్టు చేశారు.

ఆ తర్వాతే ఆమె అసలు కష్టం మొదలైంది. పదో తరగతి పరీక్షల ముందు మంచి సారును పట్టించిందని పిల్లల తల్లిదండ్రులు గేటుకు తాళం వేశారు. ఆమెకూ సారుకూ పాత గొడవలున్నాయన్నారు. పెళ్లి కాని మనిషికి మగోళ్లంటే కుళ్లన్నారు. బడి గోడ మీద బొగ్గుతో ఏదో రాశారు. ఆమె పొద్దున్నే రైలు దిగి వచ్చి, అది చదివి, బకెట్టు నీళ్లు తెచ్చి కడిగింది. తర్వాత ఎప్పటిలాగే తలుపులు తీసింది.

సారు బంధువులు జేజి ఇల్లు కనుక్కుని, ఊరి పెద్దల్ని వెంటబెట్టుకుని రాజీకి వచ్చారు. జేజి మేడంకు కబురంపింది. నేను లోపల రొట్టెల పొయ్యి దగ్గర కూచుని అంతా విన్నాను.

"మేడం, మీరు పెద్దసదువు సదివినోళ్లు" అన్నాడు పెద్దమనిషి. "కేసు నడిస్తే పిల్ల బతుకు బజారున పడతాది. రేపు దానికి పెండ్లి గావొద్దా?"

"బజారున పడాల్సింది ఆయన. పిల్ల గాదు."

"ఆయనకూ పెండ్లాం బిడ్డలుండారు గదా."

"ఉండారు. నాకు వాళ్ల గురించి గూడా బయ్యంగానే ఉంది."

తర్వాత మంచాలు కిర్రుమన్న చప్పుడు, లేచిపోయిన చప్పుడు.

ఒకరోజు ఆమె తమ్ముడు మార్కాపురం నుంచి బడికి వచ్చాడు. వాళ్లు ఇంట్లో ఉర్దూ మాట్లాడతారు. "ఛోడ్ దే ఆపా" అని బతిమిలాడాడు. వదిలెయ్యక్కా అని. దుకాణానికి వచ్చేవాళ్లు కూడా ఈ మాటే అడుగుతున్నారని, పరువు పోతుందని ఆయన బాధ. ఆమె ఆయనకు టీ తెప్పించి, తాగినాక ఆటో ఎక్కించి పంపింది. ఏం చెప్పిందో తెలియదు. ఆ ఏడాది చివర ఆమెను చంద్రశేఖరపురం అవతలికి ట్రాన్స్‌ఫరు చేశారు. ఆమె మీద పిటిషన్లు పడ్డాయని, ఎంక్వయిరీ జరిగిందని విన్నాం. ఆమె పోయేరోజు వీడ్కోలు సభ లేదు. సారు బెయిలు మీద బయటికొచ్చిన రోజు మాత్రం మా ఊళ్లో కొందరు టపాకాయలు కాల్చారు. ఆ చప్పుడుకు జేజి చెవులు మూసుకుంది. నేను మూసుకోలేదు. నాకు అది గుర్తుండాలనిపించింది.

బెంగుళూరు నుంచి వచ్చిన మా నాయన గోడకానుకుని కూచుని, రెండు రోజులు అన్నం ముట్టలేదు. అమ్మ నన్ను చూసి నెత్తి బాదుకుంది. ఆ తర్వాత ఇద్దరూ ఆ సంగతి మళ్లీ ఎత్తలేదు. నన్ను నంద్యాలలో హాస్టల్లో వేశారు. సెలవులకు ఇంటికి పోతే అమ్మ అన్నం పెట్టేది, తల దువ్వేది. మా మధ్య మాట ఒక చోటికి వచ్చి ఆగిపోయేది. ఇద్దరం వేరే ఏదో మాట్లాడేవాళ్లం.

ఒంగోలు కోర్టులో నా సాక్ష్యం రోజున నాయన వచ్చాడు గాని లోపలికి రాలేక బయట చెట్టుకింద నిలబడ్డాడు. మేడం చంద్రశేఖరపురం నుంచి బస్సులు మారి వచ్చింది. ఆమె కూడా సాక్షే. అప్పటికి చాలా చిక్కిపోయింది. చీర మీద అదే తెల్లబూట్లు. నన్ను వేరే గదిలో కూచోబెట్టి అడిగారు. జడ్జిగారు మంచిగానే మాట్లాడారు. సారు మొహం నాకు కనిపించకుండా తెర కట్టారు. అయినా తెర కింద ఆయన చెప్పులు కనిపించాయి. అవి చూస్తూనే చెప్పాను.

తర్వాత ఆమె వంతు. పనైపోయి బయటికి వచ్చేసరికి ఆమె మొహం పాలిపోయి ఉంది. ఆమె పెళ్లి గురించీ మతం గురించీ కూడా అడిగారంట. వరండాలో బల్లమీద కూచున్నాం. నేను ఎన్నాళ్లనుంచో అడగాలనుకున్నది అప్పుడు అడిగాను.

"ఇదంతా మీకెందుకు మేడం? ఊరికే ఉంటే మీకు ఏ బాధా లేదు గదా."

చాలాసేపు కొంగుతో కళ్లద్దాలు తుడుచుకుంది.

"నాకు ఉద్యోగం వచ్చిన కొత్తలో ఒక పిల్ల ఉన్నింది" అన్నది. "హనుమంతునిపాడు తట్టు పల్లె. బాగా చదివేది. ఒకరోజు వచ్చి నా టేబులు దగ్గర నిలబడింది. నేను మార్కులు ఎక్కిస్తుండా. ఏందమ్మా అంటే ఏం లేదు మేడం అనింది. పోలేదు, నిలబడింది. నాకు ఆ పని సాయంత్రానికి ఇచ్చేయాల. పనుంది, రేపు రా అన్నా."

"వచ్చిందా?"

"రాలేదు." కళ్లద్దాలు పెట్టుకుంది. "వాళ్ల బాయిలోనే దొరికింది. చిన్నాయన అంట. తర్వాత అందరికీ తెలిసింది. ఆ పొద్దు నేను తలెత్తి చూసుంటే ఏమయ్యేదో నాకు తెలీదు. ఏమీ కాకపోయినా కాకపోవచ్చు. కానీ ఆ పిల్ల గౌను నీలం రంగని తెలుసు, చేతులు వెనక్కి కట్టుకుందని తెలుసు. మొహమే గుర్తు లేదు. నేను చూడలేదు గదా."

అప్పుడు ఆమె ఏడ్చింది. అంతకుముందుగాని తర్వాతగాని నేను చూడలేదు. ఏం చెయ్యాలో తెలియక, "చెయ్యి పట్టుకోవచ్చా మేడం?" అని అడిగాను. ఇచ్చింది. కోర్టు బంట్రోతు ఎవరిదో పేరు కేకేస్తున్నాడు. మా నాయన చెట్టుకింద నుంచి మమ్మల్ని చూస్తూ నిలబడ్డాడు.

తీర్పు వచ్చేసరికి నేను డిగ్రీలో ఉన్నాను. జైలుశిక్ష పడింది. ఆయన పై కోర్టుకు పోయాడు, అది ఇంకా నడుస్తోంది. ఆ సంగతి చెబుదామని మార్కాపురం పోయాను. ఆమె రిటైరై తమ్ముడింట్లో పై గదిలో ఉంటోంది. గుండె బాగాలేదు, మెట్లు దిగనివ్వడం లేదు. నేను చెబుతుంటే విన్నది. సంతోషపడుతుందనుకున్నాను. "ఇంకొక పిల్లకు తెలుసా?" అన్నది. తెలుసు మేడం, ఫోన్ చేసి చెప్పాను అన్నాను.

"నీకు ఇప్పుడు నిద్ర పడతాందా?"

"పడతాంది మేడం."

నన్ను చూసింది. అబద్ధమని తెలిసిపోయింది.

"పట్టని రోజు నాకు ఫోన్ చెయ్. నేను మేలుకునే ఉంటా" అన్నది.

చేశాను. చాలాసార్లు చేశాను. మేము ఆ సంగతి మాట్లాడుకునేవాళ్లం కాదు. నా ల్యాబులో పేషెంట్ల గురించి చెప్పేదాన్ని. ఆమె వాళ్ల తమ్ముడి మనవరాలి గురించి చెప్పేది. ఆ పిల్ల ఆమెను "నువ్వు నవ్వవేంది దాదీ" అని అడిగిందంట. "ఏం చెప్పినారు మేడం?" అంటే, "నేర్చుకుంటుండా అన్నా" అన్నది. నేర్చుకున్నదో లేదో నేను చూడలేదు.

గ్రూపులో ఆ ఫొటో చూసిన రోజే ఇంటికి ఫోన్ చేశాను. జేజీ నాయనా పోయినాక అమ్మ ఒక్కతే ఊళ్లో ఉంటోంది. "మేడం పోయిందంటమ్మా, మార్కాపురం పోతుండా" అన్నాను. "గిద్దలూరులో దిగు. నేను గూడా వస్తా" అన్నది.

మేము పోయేసరికి ఖననం అయిపోయింది. ఆడవాళ్లంతా లోపల గదిలో కూచుని ఉన్నారు. ఆమె తమ్ముడి భార్య మమ్మల్ని ఎవరని అడగలేదు. చాప చూపించి కూచోమన్నది. మేడంను ఎప్పుడూ ఎదురుగా నిలబడి పలకరించని మా అమ్మ, కొంగు నోటికి అడ్డం పెట్టుకుని, సొంత అక్క పోయినట్టు ఏడ్చింది. నాకు ఆశ్చర్యమేసింది.

సాయంత్రం మార్కాపురం బస్టాండుకు వచ్చి సిమెంటు బల్లమీద కూచున్నాం. పక్కన ఎవరో బొరుగులు కలుపుతున్నారు. అమ్మ నేలవైపు చూస్తూ అన్నది:

"ఆమె బతికుండంగా ఒకపారి వచ్చి కాళ్లు పట్టుకుందామనుకుంటి. రాలేదు."

"ఎందుకు రాలేదుమా?"

"కుళ్లు."

నాకు అర్థం కాలేదు.

"నువ్వు ఆమెకు చెప్పినావు. నాకు చెప్పలేదు" అన్నది. "ఇన్నేండ్లు అదే పొడుస్తుండాది పాపా నన్ను. నా బిడ్డ నాకెందుకు చెప్పలేదా అని."

"నువ్వు అప్పుడు బెంగుళూరులో ఉన్నావుమా."

"ఆఁ" అన్నది. "ఉన్నా. తర్వాత వచ్చినా గదా. వచ్చినాక నేను అడగలేదు. బయ్యమేసింది. అడిగితే నువ్వు చెప్తావేమోనని బయ్యం."

ఆమె చేతులు ఒళ్లో ఉన్నాయి. ఇటుకలు మోసి మోసి గోళ్లు అరిగిన చేతులు.

"ఇప్పుడు చెప్పేదా?" అన్నాను.

గిద్దలూరు బస్సు వచ్చి ఆగింది. జనం సంచులు కిటికీల్లోంచి సీట్లమీదికి విసురుతూ ఎగబడ్డారు. కండక్టరు గిద్దలూరు, గిద్దలూరు అని అరిచాడు. అమ్మ ఒకసారి బస్సు వైపు చూసి, సంచి కిందపెట్టి, నా వైపు పూర్తిగా తిరిగి కూచుంది.

బస్సు వెళ్లిపోయింది. నేను మొదలుపెట్టాను.